డాక్టరమ్మ గొంతు, విరిగిన నా పన్ను

ఇలాంటివి రాసేవాళ్లు పేరు మార్చుకుంటారట. నన్ను కూడా మార్చుకోమన్నారు. మార్చుకోను. నా పేరు సరస్వతి. బతుకంతా ఇంకొకరి పేరు మీదే మాట్లాడాను, ఈ ఒక్కసారి నా పేరు మీద నన్ను మాట్లాడనివ్వండి.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెర మీద హీరోయిన్ పెదవులు కదులుతుంటే, ఫిల్మ్‌నగర్‌లో ఓ చల్లటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదవులకు మాటలు అతికించేదాన్ని నేనే. ఇరవయ్యేళ్ల పిల్లలకు గొంతిస్తాను కాబట్టి నా వయసు అడక్కండి. నాకు హెచ్‌ఐవీ ఉంది. అదెలా వచ్చిందో కూడా అడక్కండి. జలుబు చేసినవాణ్ణి ఎవరి దగ్గర అంటించుకున్నావని ఎవరూ నిలదీయరు కదా. ఏళ్లుగా మాత్ర తప్పకుండా వేసుకుంటున్నాను. రక్తంలో ఆ పురుగు ఇప్పుడు పరీక్షకు కూడా దొరకనంత అడుగంటిపోయింది.

నేనూ మా పద్మక్కా యూసుఫ్‌గూడలో ఒక వాటాలో అద్దెకుంటాం. అక్క సినిమావాళ్లకు బట్టలు కుడుతుంది. నా సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఎవరికీ తెలియనివ్వకపోవడమే నాకు చేసే సేవ అని ఆమె నమ్మకం. జబ్బుతో నాకు ఎప్పుడో రాజీ కుదిరింది, కాబట్టి నేను రాసేది దాని గురించి కాదు. ఒక పన్ను విరిగితే ఏమైందో రాస్తున్నాను. నాలాంటివాళ్లు ఎక్కడో ఓ చోట, ఏదో ఒక దంతవైద్యుడి గుమ్మం ముందు చెప్పాలా వద్దా అని నిలబడి ఉంటారు. వాళ్ల కోసం.

మృగశిర కార్తె

తొలకరి పడ్డ వారం. స్టూడియో క్యాంటీన్లో టీతో పాటు చెగోడీ కొరికాను. చెగోడీ బాగానే ఉంది, నా పైవరస ముందు పన్ను సగానికి విరిగింది. నొప్పి పెద్దగా లేదు. నవ్వొచ్చింది కూడా, ఎందుకంటే అప్పుడు నేను డబ్బింగ్ చెబుతున్న సినిమాలో హీరోయిన్ పళ్ల డాక్టరు. తెర మీద ఆమె ఊరందరి పళ్లూ బాగుచేస్తోంది, ఆమె గొంతుకేమో పన్ను లేదు.

ఆ నవ్వు రికార్డింగ్ గదిలోకి వెళ్లేదాకానే. మైకు ముందు మొదటి మాట అనగానే అద్దం అవతల కూర్చునే సౌండ్ ఇంజనీర్ యాదగిరి రికార్డింగ్ ఆపేశాడు. మా మధ్య అద్దం ఉంటుంది. అవతలివాళ్లు బటన్ నొక్కితేనే వాళ్ల మాట నా గదిలోని స్పీకర్లో వినబడుతుంది.

"అక్కా, జర మళ్ల చెప్పు. స కాడ ఈల వస్తుంది."

మళ్లీ చెప్పాను. మళ్లీ ఈల. నీళ్లు తాగి చెప్పాను, నాలుక వెనక్కి లాగి చెప్పాను. విరిగిన చోట గాలి జారిపోతోంది. సరస్వతి అని నా పేరు నేనే అనుకుని చూశాను. రెండు చోట్లా ఈల వేసింది. పళ్లూడేవాళ్లకు పెట్టకూడని పేరు పెట్టారు మావాళ్లు.

డబ్బింగ్ ఇన్‌చార్జి మూర్తిగారు పెద్దమనిషి. కోప్పడలేదు. "సగం సినిమా నీ గొంతులోనే ఉందమ్మా. మిగతా సగం వేరే అమ్మాయితో చెప్పిస్తే అతకదు. చెప్పించాల్సి వస్తే మొదట్నుంచీ చెప్పించాలి. శ్రావణం వచ్చేదాకా ఆపగలను. ఆ తరవాత నా చేతుల్లో ఉండదు" అన్నారు.

ఆ సినిమా ఒక్కటే పోతే బాధపడి ఊరుకునేదాన్ని. మా దగ్గర ఒకసారి "ఆవిడ స పలకడం లేదట" అన్న మాట పుట్టిందంటే, అది స్టూడియో నుంచి స్టూడియోకి మనకంటే ముందే నడుస్తుంది. గొంతు పోతే నా దగ్గర ఇంకేం లేదు.

జూబ్లీహిల్స్‌లో తారల పళ్లు మెరిపించే ఆసుపత్రి ఉందంటే వెళ్లాను. గోడల నిండా నవ్వుతున్న మొహాలు, గదంతా లెమన్‌గ్రాస్ వాసన. డాక్టరు కుర్రవాడు, మాట మెత్తన. కుర్చీని మెల్లగా వెనక్కి వాల్చి, "ఏమైనా మెడికల్ హిస్టరీ ఉందా మేడమ్?" అని అడిగాడు.

"హెచ్‌ఐవీ ఉందండీ. మందులు వాడుతున్నాను, కంట్రోల్లో ఉంది" అన్నాను. పళ్లకి ఇచ్చే మందూ నేను వేసుకునే మాత్రా ఒకదానితో ఒకటి పడాలి కదా, అందుకని చెప్పాను.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. రోజంతా నేను గొంతు లేని నోళ్లను చూస్తాను. పళ్ల డాక్టరు దగ్గర అది తిరగబడుతుంది. ముసుగు వెనక నోరు కనబడదు, గొంతే వినబడుతుంది. గొంతుల విషయంలో నన్ను ఎవరూ మోసం చెయ్యలేరు. అతని మాటకు ముందు ఊపిరి ఆగింది. తర్వాత వచ్చిన గొంతు అంతకుముందు గొంతు కాదు.

"యాక్చువల్లీ మేడమ్, మీది కొంచెం కాంప్లికేటెడ్ కేసు. మా దగ్గర ఆ ఫెసిలిటీ లేదు."

"విరిగిన పన్నుకా అండీ?"

"పెద్ద హాస్పిటల్‌కి వెళ్తే బెటర్."

నా నోట్లోకి చూడనే లేదు. కుర్చీ మళ్లీ మెల్లగా పైకి లేచింది. బయటికొస్తుంటే, లోపల్నుంచి ఫోన్ వచ్చిందేమో, రిసెప్షన్‌లో అమ్మాయి నేను పట్టుకున్న పెన్నుని టిష్యూతో తుడుస్తోంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఎవరైనా కూర్చోబెట్టి నేర్పిస్తే నేర్చుకునే వయసే. డాక్టరు మీద వచ్చింది. అంత చదువు చదివినవాడు ఆ భయాన్ని ఏ సెమిస్టర్‌లోనూ వదిలించుకోలేకపోయాడు.

ఆషాఢం

పన్ను వేరు దగ్గర చీము పట్టింది. పెదవి వాచింది, సాయంత్రాలు వెచ్చగా జ్వరం. నాలాంటివాళ్లకు జ్వరం వస్తే అది ఉత్త జ్వరం కాదు. ఆ పాతది మళ్లీ తల ఎత్తిందేమోనని భయం. అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. అక్కడ గిన్నెలు గట్టిగా మోగేవి.

బంజారాహిల్స్‌లో రెండో డాక్టరు చూస్తానన్నాడు. ఫోన్లోనే అన్నీ చెప్పాను. రమ్మన్నాడు. పొద్దున్నే వెళ్తే, నా తర్వాత వచ్చినవాళ్లు కూడా నాకంటే ముందు లోపలికి వెళ్తున్నారు. అడిగితే, "మిమ్మల్ని లాస్ట్‌లో చూస్తారంట" అంది అక్కడి అమ్మాయి, ఆ సోఫా చివర ఉన్నవాళ్లకు కూడా వినబడేలా. ఒకావిడ తన సంచీని దగ్గరకు తీసుకుంది. నా వాచిన మూతి చూసి తీసుకుందో, ఆ మాట విని తీసుకుందో తెలియదు. తెలియకపోవడమే పెద్ద బాధ.

అందరూ భోజనాలకు లేచే వేళ నన్ను పిలిచారు. లోపల కుర్చీకీ, దీపానికీ, బల్లకీ ప్లాస్టిక్ కవరు చుట్టేశారు, కొత్తగా కొన్న సోఫాకి చుట్టినట్టు. అసిస్టెంటు గ్లౌజుల మీద గ్లౌజులు తొడుక్కుంటున్నాడు.

"నన్నెందుకు చివర పిలిచారండీ?" అన్నాను.

"తర్వాత రూమంతా ప్రాపర్‌గా క్లీన్ చెయ్యాలి కదండీ."

"మిగతావాళ్ల తర్వాత చెయ్యరా?"

ముసుగుల మీద నుంచి రెండు జతల కళ్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నిజం చెబితే, నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చుని ఉంటే పని అయిపోయేది. జ్వరంగా ఉంది, శ్రావణం దగ్గర పడుతోంది. కానీ నా కాళ్లు అప్పటికే గుమ్మం వైపు తిరిగాయి. పొగరంటారా? పొగరే అనుకోండి. ఆ పొగరే ఇన్నేళ్లూ నాకు మాత్రతో పాటు పనిచేసింది.

ఇంటికొచ్చి చెబితే అక్క చేతిలోని గరిటె గట్టు మీద విసిరికొట్టింది.

"నీకేమైనా మతి ఉందిటే? ఆ సంగతి దగ్గర నోరు మూసుకుని, పన్ను దగ్గర నోరు తెరువు! అబద్ధాలే అన్నం పెట్టే ఊళ్లో బతుకుతూ నీకీ హరిశ్చంద్ర వేషం ఎందుకే?"

"చెప్పకపోతే వాళ్లిచ్చే మందు నాకు పడకపోతేనో?"

"పడుతుందిలే. అన్నీ పడ్డాయి నీకు, ఇదొక్కటీ పడదా?"

అని, ఆ మాటకు తనే ఏడ్చింది. అక్క అసలు భయం నా పన్ను కాదు. నేను చెప్పుకుంటూ పోతే ఆ మాట ఏ కుట్టుమిషన్ దాకా నడిచొస్తుందోనని. తన పక్కన కూర్చుని కుట్టేవాళ్లు లేచి వెళ్లిపోతారని. ఆ భయం నాకు అర్థమవుతుంది. అక్కా చెల్లెళ్లం ఆ పూట అన్నాలు తినలేదు. బయట బోనాల డప్పులు మోగుతున్నాయి. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "శ్రీనగర్ కాలనీలో ఒకావిడ ఉందట. నేనూ వస్తాను. నువ్వు మాత్రం చెప్పకు" అంది.

సరే అన్నాను. ఒప్పుకున్నాను. ఆటోలో వెళ్తూ అబద్ధాన్ని మనసులో రిహార్సల్ కూడా చేసుకున్నాను. "బీపీ కూడా లేదండీ" అని హీరోయిన్ గొంతులో ఒకసారి, అత్తగారి గొంతులో ఒకసారి.

అక్కడ సోఫాల్లేవు. టిఫిన్ సెంటర్ మీద మేడ, గోడ వారగా ఒక పొడుగాటి చెక్క బెంచీ, కిందనుంచి దోసెల వాసన. ఒక ముసలాయనకీ, యూనిఫాంలో ఉన్న ఒక బడిపిల్లకీ మధ్య నాకు చోటు దొరికింది. తలుపు తీసే ఉంది. లోపల ఏం చేస్తున్నారో కనబడుతుంది. పేషెంటు లేచిన ప్రతిసారీ అక్కడి అసిస్టెంటు లక్ష్మి గ్లౌజులు తీసిపారేసి, కుర్చీ తుడిచి, చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు వేసుకుని, సీలు వేసిన కవరు చింపి సామాను బయటికి తీస్తోంది. ఆవిరిలో బాగా ఉడికితేనే రంగు మారే గీత ఆ కవరు మీద ఉంటుంది, అది మారిందా లేదా అని చూసి మరీ తీస్తోంది. ముసలాయనకీ అంతే. బడిపిల్లకీ అంతే. వాళ్లకు నాలాంటి జబ్బేదీ ఉన్నట్టు లేదు. అయినా అంతే.

డాక్టర్ స్వప్న వరంగల్ మనిషి. "ఏమన్న బీమారీలు ఉన్నయా అమ్మా? మందులు ఏమన్న వేసుకుంటున్నరా?" అని అడిగింది. వెనకాల అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది.

రిహార్సల్ చేసిన డైలాగు ఉంది. గొంతు దాకా వచ్చింది. కానీ ఆ సీలు కవర్లు చూశాక అది చెప్పాలనిపించలేదు. "హెచ్‌ఐవీ ఉందమ్మా" అన్నాను, నా సొంత గొంతుతో.

నేను ఆవిడ ఊపిరి కోసం చెవి పెట్టాను. అది ఆగలేదు.

"ఎప్పటిసంది మందులు? మొన్నటి రిపోర్టుల ఏమొచ్చింది? సరే. చెప్పి మంచిపని చేసిన్రు. మీకు ఏ మందు రాయాల్నో తెలుస్తది. గ్లౌజుల కోసమైతే చెప్పనక్కర లేదు. తెలిసినోళ్లే అందరు చెప్పరు, తెల్వనోళ్లు ఎందరున్నరో. అందుకే ఎవ్వరొచ్చినా నాకు ఒక్కటే పద్ధతి. ఏదీ, నోరు తెరువున్రి."

నోరు తెరవండి అన్న మాట అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. ఏ రచయితా నాకు అంత మంచి డైలాగు రాయలేదు. నోరు తెరిచే ఉంది, కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారిపోతున్నాయి.

"నొస్తుందా అమ్మా?" అని లక్ష్మి భుజం మీద చెయ్యి వేసింది. తలూపాను, అవునంటే అవును, కాదంటే కాదు. పక్కకు చూస్తే అక్క కొంగుతో మూతి మూసుకుని గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

చీము తీశారు, వేరు శుభ్రం చేశారు, జ్వరం దిగింది. వెళ్లిన ప్రతిసారీ ఆ బెంచీ మీదే కూర్చున్నాను. ముందొచ్చినవాళ్లు ముందు, నా వంతుకు నేను. చివరికి కొత్త పన్ను తొడిగిన రోజు డాక్టరమ్మ "ఏమన్న మాట్లాడి చూడున్రి" అంది. ఉత్తినే ఏం మాట్లాడతాను? సినిమాలో ఆగిపోయిన డైలాగు ఎత్తుకున్నాను. "సందేహిస్తూ కూర్చుంటే సంతోషం వచ్చి తలుపు కొట్టదు శ్రీనూ!" కొంచెం ఈల. ఆవిడ పన్ను అంచు కాస్త అరగదీసింది. మళ్లీ చెప్పాను. ఇంకాస్త. నేను వింటూ, ఆవిడ సానబెడుతూ, కంసాలి దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాం. ఈల పోయింది. ఆవిడ మాస్కు కిందికి లాగి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆగు ఆగు. ఈ గొంతు... మా ఇంట్ల టీవీ సీరియల్ల రోజూ మీరే కదా ఏడుస్తరు?"

శ్రావణం

మూర్తిగారు మాట నిలబెట్టుకున్నారు. మైకు ముందు నిలబడి "సరస్వతి" అన్నాను. రెండు చోట్లా శుభ్రంగా పలికింది. అద్దం అవతల యాదగిరి బొటనవేలు ఎత్తాడు.

రీలు తరవాత రీలు చెప్పుకుంటూ పోయాం. అప్పుడొచ్చింది ఆ సీను. హీరోయిన్ ఆసుపత్రి, బయట బెంచీ మీద పేషెంట్ల వరస. హీరో స్నేహితుడు వరస తప్పించుకోవాలని లోపలికి దూరి "నాకు ఎయిడ్సుంది, నన్ను ముందు చూడండి!" అని అరుస్తాడు. అందరూ తలో దిక్కుకు దూకుతారు. ముసుగేసుకున్న మన డాక్టరమ్మ ఒక్క గెంతు వెనక్కి గెంతి, తలుపు వైపు చెయ్యి చూపిస్తుంది. నా డైలాగు: "అమ్మో! ముందు బయటికి నెట్టండి వీణ్ణి!"

హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాను. "మూర్తిగారూ, ఈ మాట నేను చెప్పను."

"కామెడీ అమ్మా!" అన్నారాయన. పక్కనున్న కో-డైరెక్టర్ వాచీ చూసుకుని, "మేడమ్, హాల్లో బ్లాస్టయ్యే జోకిది" అన్నాడు.

"పళ్ల డాక్టరు అలా అనకూడదండీ. అంటే ఆవిడ హీరోయిన్ కాదు."

"ఎవరికి పట్టిందండీ అది?"

"నాకు పట్టింది" అన్నాను. "నాకు హెచ్‌ఐవీ ఉంది. ఈ పన్ను కోసం తిరిగినప్పుడు నన్నూ బయటికే పంపించారు."

మైకు ఆన్‌లోనే ఉంది. అద్దం అవతల ముగ్గురూ కదల్లేదు. ఎవరూ బటన్ నొక్కడం లేదు కాబట్టి నాకేమీ వినబడదు. పెదవులు కదులుతున్నాయేమో చూశాను, కదలడం లేదు. ఇన్నేళ్లుగా ఎన్ని మూగ పెదవులకు మాటలు పెట్టానో, ఆ క్షణాన నా గురించి ఒక్క మాట ఊహించలేకపోయాను. అక్క భయపడ్డదంతా ఇదేనేమో అనుకున్నాను. చెప్పినందుకు మాత్రం చింత లేదు. వెన్ను నిటారుగానే ఉంది.

తలుపు తోసుకుని యాదగిరి లోపలికొచ్చాడు. మైకు కొంచెం పైకి జరిపాడు. నా మెడలోని హెడ్‌ఫోన్స్ తీసి, తన చెవులకు పెట్టుకుని, "హలో, హలో" అని లెవెల్ చూసుకుని, మళ్లీ నా చేతికిచ్చాడు.

"వేరే ఏం చెప్తవో చెప్పక్కా. గామెకు మాస్కుంది. పెదవుల ఫికర్ లేదు."

మా పనిలో అదొక వరం. నటి వీపు తిరిగినా, మూతికి గుడ్డ అడ్డమున్నా మేం ఏ మాటైనా పెట్టొచ్చు. ఆ గెంతు సరిపోవాలి, తలుపు వైపు చూపించే చెయ్యి సరిపోవాలి, అంతే. తలుపు అవతల ఏముందో నాకు తెలుసు. భయాన్ని వెక్కిరింతగా తిప్పి ఒక్క టేకులో చెప్పాను.

"అబ్బో! ముందు బెంచీ మీద కూర్చోమనండి!"

అద్దం అవతల కో-డైరెక్టర్ పకపకా నవ్వాడు. మళ్లీ వేయించుకుని చూసి, వరస తప్పించుకుందామనుకున్నవాడు వరసలోనే పడ్డాడని, ఇదే బాగుందన్నాడు. దర్శకుడికి ఫోన్ చేసి వినిపించాడు. అలాగే ఉంచేశారు. జోకు జోకులాగే ఉంది. ఎవరి మీద అన్నదే మారింది.

తరవాత అంతా పాలూ నీళ్లలా కలిసిపోయిందని చెప్పను. ఆ మాట నడిచింది. కొంతమంది ఆర్టిస్టులు ఇప్పుడు సొంత హెడ్‌ఫోన్స్ తెచ్చుకుంటున్నారు. తెచ్చుకోనివ్వండి, ఎలాగూ అది మంచి అలవాటే. మూర్తిగారు నాకు పని ఆపలేదు. అక్క పక్కన కుట్టేవాళ్లెవరూ లేచి వెళ్లలేదు. ఒకావిడైతే అక్కను చాటుకు పిలిచి, తన తమ్ముడి కోసం డాక్టర్ స్వప్న అడ్రసు అడిగి తీసుకుంది. మీకూ అలాంటి అడ్రసు కావాలంటే, గోడ మీది ఫొటోలు చూడకండి. మీ ముందు పేషెంటుకి సీలు కవరు చింపుతున్నారో లేదో చూడండి. చింపితే లోపలికి వెళ్లి ఉన్నది చెప్పండి.

దసరా

సినిమా విడుదలైంది. అక్కా నేనూ మ్యాట్నీకి వెళ్లాం. దారిలో అక్క మామూలుగానే, "హాల్లో అవీ ఇవీ వాగకు" అని హెచ్చరించింది. ఆ సీను వచ్చింది. హీరో స్నేహితుడు అరిచాడు, అందరూ దూకారు, డాక్టరమ్మ గెంతింది. "అబ్బో! ముందు బెంచీ మీద కూర్చోమనండి!" హాలంతా గొల్లుమంది. వెనకెవడో ఈల వేశాడు. ఆ ఈల నాకు తీపిగా వినబడింది.

అక్క నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. శ్రీనగర్ కాలనీలో ఆ బెంచీ మీద ఆమె కూడా కూర్చుంది కదా. కాసేపటికి అవతలి సీట్లో ఉన్న ముక్కూమొహం తెలియనావిడ వైపు వంగింది. గుసగుసగా కాదు, ముందు వరస కూడా తల తిప్పేటంత గట్టిగా చెప్పింది.

"ఆ డాక్టరమ్మ గొంతు మా చెల్లెలిదండీ. సరస్వతి అని, ఇదిగో, ఇక్కడే ఉంది."